మంత్రిగారి చేతి పాస్‌వర్డ్

ధ్రువపత్రాల శాఖలోని పన్నెండు కంప్యూటర్లకు వచ్చే సోమవారం ఉదయం పది గంటల పదిహేను నిమిషాలకు స్వేచ్ఛ ప్రసాదించబోతున్నట్టు మంత్రిగారు పత్రికలవారికి ప్రకటించారు. డబ్బు పోసి కొన్న పాత సాఫ్ట్‌వేర్ పోయి, అందరి సొత్తయిన లైనక్స్ రాబోతోంది.

"లైనక్స్ అంటే ఏమిటి సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

"అది ప్రజలది. వివరాలు ప్రజలనే అడగండి," అన్నారు మంత్రిగారు. ఇంత సూటిగా జవాబిచ్చే మంత్రి దొరకడం ఆ శాఖ చేసుకున్న అదృష్టం.

ఆ అదృష్టంలో సింహభాగం కంప్యూటర్ ఆపరేటర్‌కి దక్కింది. పద్నాలుగేళ్లుగా అతను కాంట్రాక్టు మీదే ఉన్నాడు. డైరెక్టరుగారు అతన్ని పిలిచి భుజం తట్టారు.

"ఏమయ్యా, ఈ లైనక్స్ ఎక్కించు. ఆరు నెలలు దాని మీద పనిచెయ్యి. నువ్వు చేసిన పనంతా అందులోంచే రిపోర్టు తీసి నీ ఫైలుకి జతచేస్తాను. నీ పర్మనెంటు ఎవడాపుతాడో చూస్తా."

ఈ మాట అతను ఇంటికెళ్లి భార్యకి చెప్పాడు.

"ఈసారైనా నిజమేనా?"

"డైరెక్టరుగారే స్వయంగా అన్నారే."

"పోయినసారి అన్నది కూడా ఆయనేగా?" అందామె.

శని, ఆదివారాలు రెండూ అతను ఆఫీసులోనే గడిపాడు. పాత ఫైళ్లకు కాపీలు తీసి, పెన్‌డ్రైవ్ పెట్టి, డిస్కులు చెరిపి, ఒక్కొక్క కంప్యూటర్‌లో లైనక్స్ ఎక్కించాడు. మొండికేసిన ప్రింటర్‌ని బతిమాలి దారికి తెచ్చాడు. మధ్యలో ఉన్న పెద్ద కంప్యూటర్ తెరుచుకుంటేనే మిగతా పదకొండూ తెరుచుకునేలా కలిపాడు. ఇక ఆ పెద్ద కంప్యూటర్‌కి పాస్‌వర్డ్ పెట్టడం ఒక్కటే మిగిలింది.

"ఆగాగు! అది మంత్రిగారి చేతుల మీదుగా జరగాలి," అన్నారు డైరెక్టరుగారు.

సోమవారం మంత్రిగారు వేలికి లావుపాటి ఉంగరంతో వచ్చి కుర్చీలో కూర్చున్నారు. "ఈ పాస్‌వర్డ్ రహస్యమా?" అని అడిగారు.

"అవును సార్. ఎవరూ చూడకూడదు," అన్నాడు ఆపరేటర్.

ఆ మాట వినగానే డైరెక్టరుగారు చప్పట్లు చరిచి, "అందరూ గోడవైపు తిరగండి!" అని కేకపెట్టారు. అరవై మంది గోడవైపు తిరిగారు. ఫొటోగ్రాఫర్ కూడా తిరిగి గోడనే ఫొటో తీశాడు. ఆపరేటర్ ముక్కు గోడకి ఆనింది. వెనకనుంచి ధబ్, ధబ్ అని చప్పుడు వినిపించింది.

"ఏమీ పడట్లేదేంటయ్యా?"

"కనపడదు సార్, భద్రత కోసం దాచేస్తుంది. ఎనిమిదిసార్లు నొక్కి ఎంటర్ కొట్టండి. మళ్లీ ఇంకోసారి అలాగే కొట్టాలి సార్."

"మళ్లీ ఎందుకు? నా మాట మీద నమ్మకం లేదా దీనికి?"

అయినా మంత్రిగారు పెద్ద మనసుతో మళ్లీ కొట్టారు. అరవై మంది గోడకేసి చూస్తూ చప్పట్లు కొట్టారు. నలభై నిమిషాల ప్రసంగం తర్వాత డైరెక్టరుగారు భద్రత కోసం స్వయంగా మెయిన్ స్విచ్ ఆపేశారు.

మర్నాడు కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగింది. మంత్రిగారి పేషీకి ఫోన్ చేస్తే, రహస్యాలు బయట పెట్టనని ప్రమాణం చేసిన మనిషి పాస్‌వర్డ్ ఎలా చెబుతారని ఎదురు ప్రశ్న వచ్చింది. ఆపరేటర్ మంత్రిగారి పేరు కొట్టి చూశాడు. వారి శ్రీమతి పేరు, పార్టీ పేరు కొట్టి చూశాడు. పుట్టినరోజులు రెండూ కొట్టాడు, అసలుదీ, సర్టిఫికెట్‌లో ఉన్నదీ. ఏదీ పనిచెయ్యలేదు.

"సార్, అయిదు నిమిషాల పని. ఇది తీసేసి కొత్తది పెట్టేస్తాను," అన్నాడు.

డైరెక్టరుగారి మొహం పాలిపోయింది. "మంత్రిగారు స్వహస్తాలతో పెట్టింది నువ్వు చెరిపేస్తావా? దానికి అనుమతి కావాలి."

"అయితే అనుమతి ఇప్పించండి సార్."

"ఇప్పిస్తాను. దరఖాస్తు ఫారం ఆ కంప్యూటర్‌లోనే ఉంది, ప్రింటు తీసుకురా."

ఆరు నెలలు గడిచాయి. కిటికీ బయట జనం బారులు తీరారు. లోపల ఆపరేటర్ వేళ్లు నొప్పి పుట్టేలా చేత్తోనే పత్రాలు రాసిచ్చాడు. ఈలోగా, ఒక్కసారి కూడా దొంగల చేతిలో పడని ఏకైక ప్రభుత్వ కంప్యూటర్‌గా దానికి అవార్డు వచ్చింది. మంత్రిగారు వినయంగా వెళ్లి షీల్డు అందుకున్నారు.

అదే వారం ఆపరేటర్‌కి ఉత్తర్వు వచ్చింది. ఆరు నెలల్లో కంప్యూటర్ మీద ఏ పనీ జరిగినట్టు నమోదు కాలేదు కనుక, ఆ పోస్టు అనవసరమని తేల్చి రద్దు చేశారు. అతనికి ఏడుపొచ్చింది. ఏడిస్తే చూసేవాళ్లున్నారని గుడ్డ తీసుకుని పెద్ద కంప్యూటర్ కీబోర్డు తుడవసాగాడు.

మీటలన్నీ కొత్తగా మెరుస్తున్నాయి. కింద పొడుగు మీట మీద మాత్రం ఉంగరం గీరిన గుర్తులున్నాయి. మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదిలే మీట అది. దానితో ఏ అక్షరమూ పడదు. బోర్డు మీద అన్నిటికంటే పెద్దది మాత్రం అదే. ఆ గోడ దగ్గర విన్న చప్పుడు గుర్తొచ్చి, అతను దాన్ని ఎనిమిదిసార్లు కొట్టి ఎంటర్ నొక్కాడు. కంప్యూటర్ తెరుచుకుంది.

"సార్, తెరుచుకుంది!"

డైరెక్టరుగారు చెవులు మూసుకున్నారు. "నోటితో చెప్పకు! కాగితం మీద రాసి కవర్లో పెట్టు. మంత్రిగారు ధ్రువీకరించాలి." అంటూ గోడవైపు తిరిగి నిలబడ్డారు.

ఆపరేటర్ తెల్లకాగితం తీసుకుని, పెన్ను మూత తియ్యకుండానే నాలుగు మడతలు పెట్టాడు.

"అన్నీ రాశావా?"

"ఎనిమిదీ ఉన్నాయి సార్. ఒక్కటీ తప్పు పోలేదు."

కవరుకి లక్క సీలు పడింది. 'అత్యంత రహస్యం' అన్న ముద్ర కూడా పడింది. ఆపరేటర్ సంచీ సర్దుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

నాలుగో రోజు ఆ కాగితం కాపీ అతని ఇంటికి వచ్చింది. నాలుగు మడతల తెల్లకాగితం అడుగున మంత్రిగారి సంతకం, గుండ్రటి ముద్ర, వాటి పైన చేతిరాతతో 'పూర్తిగా చదివాను. సరిగ్గా ఉంది' అన్న మాటలు ఉన్నాయి.

భార్య ఆత్రంగా కాగితం లాక్కుని, ముందు చూసి, వెనక్కి తిప్పి చూసింది.

"మీ పర్మనెంటు గురించి ఎక్కడ రాశారండీ ఇందులో?" అని అడిగింది.