తప్పుడు అడాప్టరు వల్ల లాభాలు

విదేశాలకు వెళ్లేవాళ్లు తప్పుడు అడాప్టరే కొనుక్కోవాలండి! సరైనది కొంటే ప్రయాణంలో సుఖమే లేదు. ఐదో తరగతితో బడి మానేసినదాన్నే గానీ, ఈ విద్యలో మాత్రం నాకు అనుభవం ఉంది.

మా మనవరాలు సహస్ర వాళ్ల పాటల బృందాన్ని సింగపూరు పిలిచారు. స్టేజీ మీద అది ఒంటరిగా పాడటం అదే మొదలు! వినకుండా ఎలా ఉంటాను? నాకున్నదల్లా ఒక చెవి మిషను. దానికి చార్జింగ్ ఉంటేనే నాకు వినికిడి. "అడాప్టరు సంగతి నాకొదిలేయండి, మీరెవరూ కొనకండి" అని ఇంట్లో గొప్పగా చెప్పి, నిడదవోలు స్టేషను దగ్గర సురేంద్ర కరెంటు సామాన్ల కొట్టుకి వెళ్లాను.

"ఎక్కడికి వెళ్తున్నారండీ మామ్మగారూ?" అన్నాడు.

బయల్దేరే మనిషిని ఎక్కడికని ఎవరైనా అడుగుతారా? అడిగాక ప్రయాణం సాగుతుందా?

"ఏంటయ్యా ఆ ప్రశ్న, అపశకునం! వస్తువియ్యి."

"అది కాదండీ, దేశాన్ని బట్టి కన్నాలు మారిపోతాయండీ."

"నువ్వు కన్నాల సంగతి చూసుకో. నా ప్రయాణం జోలికి రాకు!"

పాపం, రకరకాల అడాప్టర్లున్న ఓ డబ్బా నా ముందు పెట్టేశాడు. అందులో రెండు గుండ్రటి పిన్నులున్నది, మా పెళ్లినాటి కుంకుమ భరిణెలా ముద్దుగా కనపడింది. తీసుకున్నాను.

సింగపూరు హోటల్లో గోడకి మూడు పలకల కన్నాలు! విమానంలోనే మిషను ఆరిపోయింది.

ఇక లాభాలు చూడండి. మా అమ్మాయి ఉమాశ్రీ నన్ను అరగంట తిట్టింది. ఒక్క ముక్క వినపడలేదు! ఇంత ప్రశాంతత ఏ పుణ్యక్షేత్రంలో దొరుకుతుందండి? ఫోన్లన్నీ చచ్చాయి కాబట్టి పిల్లలు కిటికీలోంచి ఊరు చూశారు. సింగపూరు వెళ్లి సింగపూరునే చూసిన మొదటి బృందం మాదేనేమో! ఇంకో అడాప్టరు కొనుక్కొచ్చే లోపు ప్రోగ్రాం వేళయిపోయింది.

హాల్లో సహస్ర మైకు ముందుకొచ్చి పెదాలు కదిపింది. నేను కళ్లొత్తుకుని చప్పట్లు కొట్టేశాను. ఉమాశ్రీ కాగితం మీద రాసి చూపించింది: "అమ్మా, అది మైకు టెస్టింగ్!"

తర్వాత అసలు పాట. జనం లేచి నిలబడ్డారు. నేనూ లేచాను. పిల్ల పరిగెత్తుకొచ్చి, నా మొహంలోకి చూస్తూ ఏదో అడిగింది. ఏమడుగుతుంది, బాగా పాడానా అనేగా!

"ఆ మూడో చరణం అద్భుతం తల్లీ!" అన్నాను. గట్టిగా వాటేసుకుంది.

చూశారా, ఎన్ని లాభాలో! ఒక్కటే చిక్కండి. ఆ పాటకి మూడో చరణం ఉందో లేదో నాకిప్పటికీ తెలియదు. ఇంకోసారి పాడవే అందామంటే, విన్నానని ముందే చెప్పేశాను.