ఒక్క కన్నం స్టూడియో

పదకొండు గంటలకు పరుపుల కంపెనీ యజమాని ఇంటికి వచ్చి పాట వింటాడు. వినగానే బాగుందంటాడు. మాస్టారు వినయంగా తల వంచుతాడు, పారితోషికం దగ్గర మాత్రం వంచడు. ఆ పూటకు మాస్టారు వేసుకున్న పథకం ఇంతే. అందులో అత్తగారి ఊసే లేదు.

మాస్టారంటే పిల్లలకు పాఠాలు చెప్పే మాస్టారు కాదు. ప్రకటనలకూ టీవీ సీరియళ్లకూ సంగీతం కట్టే మాస్టారు. మొన్నమొన్నటిదాకా ఆయనకు ఒక గది నిండా సామాను ఉండేది. పెద్ద కంప్యూటరు, మీటలతో కిక్కిరిసిన మిక్సరు, మనిషెత్తు స్పీకర్లు, అడుగు తీసి అడుగు వేస్తే కాళ్లకు చుట్టుకునే వైర్లు. ఒకరోజు అవన్నీ తెగనమ్మి, పలకంత ట్యాబ్ చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు. "ఇక నా స్టూడియో మొత్తం ఇందులోనే" అన్నాడు. "ఎంత?" అంది భార్య. ఆవిడ బీమా ఆఫీసులో పనిచేస్తుంది, ఎవరు ఏం చూపించినా ముందు ఆ మాటే అడుగుతుంది. మాస్టారు ట్యాబ్ ధర ఉన్నదున్నట్టు చెప్పాడు. అందులో అబద్ధమేమీ లేదు. సగం లేదు, అంతే.

ఆ సగం కథేమిటంటే, అంత గొప్ప ట్యాబ్‌కూ ఉన్నది ఒకే ఒక్క కన్నం. ఛార్జింగు పెట్టాలన్నా అదే, మైకు తగిలించే సౌండ్ కార్డుకూ అదే, కీబోర్డుకూ అదే. ఒకటి దూరిస్తే రెండోది బయట నిలబడాల్సిందే. అందుకని దుకాణంవాడు ఆ ఒక్క కన్నాన్ని నాలుగు చేసే చిన్న డబ్బా చూపించాడు. డబ్బా కొన్నాక దానికి తగిన తీగ చూపించాడు. తీగ కొన్నాక, ఈ తీగతో పనిచేసే సౌండ్ కార్డు వేరే ఉంటుందని చల్లగా చెప్పాడు. అన్నీ కలిసి ట్యాబ్ ధరతో సరిసమానమయ్యాయి. మాస్టారు వాటిని అటక మీద పాత వయొలిన్ పెట్టెలో దాచి, భార్య ఆఫీసుకు వెళ్లాకే దించేవాడు.

ఇంతలో పనులు తగ్గాయి. ఇంట్లో ఓపికా తగ్గింది. ఈ పరుపుల పాట కూడా చేజారితే సోమవారం నుంచి మాస్టారు తన బావమరిది ఇనుప సామాన్ల గోడౌన్‌లో కూర్చుని మేకులు తూచాలని తీర్మానం జరిగిపోయింది. బావమరిది ఎంత ముందుచూపు గలవాడంటే, మాస్టారి కోసం అప్పుడే కుర్చీ కూడా కొన్నాడు.

ఆ ఉదయం లేచి చూస్తే ట్యాబ్‌లో ఛార్జింగు అడుగంటి ఉంది. ఉన్న ఒక్క కన్నంలో ఛార్జరు దూర్చక తప్పలేదు. అటక మీద డబ్బా దింపుదామంటే భార్య ఇంట్లోనే ఉంది. పెద్దమనిషి వస్తున్నాడని సెలవు పెట్టి మరీ హాలు సర్దుతోంది.

"తీగ లేకుండా పాట ఎలా వినిపిస్తారు?" అంది.

"బ్లూటూత్. గాల్లోంచి వెళ్తుంది. స్పీకరు హాల్లో పెడతాను, నేను గదిలోంచి నొక్కుతాను. ఆయన సోఫాలో కూర్చుని వింటాడు."

"వెళ్లాల్సిన చోటికే వెళ్తుందా?"

"ఇంకెక్కడికి వెళ్తుంది?" అన్నాడు మాస్టారు, కాస్త చిన్నబుచ్చుకుని.

ఇంకో చిక్కు కూడా ఉంది. పాటకు మాటలింకా రాలేదు. ట్యూను కట్టేవాళ్లకు ఒక అలవాటుంటుంది. కవిగారి మాటలు వచ్చేలోగా ట్యూను ఆగకుండా నోటికొచ్చిన డమ్మీ మాటలేవో పెట్టి పాడేసుకుంటారు. వాటిని ఎవరూ పట్టించుకోరు, తర్వాత చెరిపేస్తారు. మాస్టారి నోటికి ఎప్పుడూ మనసులో ఉన్నదే వచ్చేది. ఈసారి జోలపాట వరసలో వచ్చింది ఇది:

చెప్పిన ధర సగమే, చెప్పనిది సగమే,
తీగకు వేరే, డబ్బాకు వేరే,
ఇంటిదానికి తెలిసిననాడు
నిదరేదీ నాకు, నిదరేదీ.

పదింటికల్లా మాటలు పంపిస్తానన్న కవిగారు ఫోను ఎత్తడం లేదు. సరే, మాటలు తీసేసి ఉత్త వాద్యాలే వినిపిద్దామనుకున్నాడు మాస్టారు. ముందు స్పీకరు పలుకుతుందో లేదో చూడాలి కదా. తలుపు ఓరగా తెరిచి, శబ్దం బాగా తగ్గించి, పాట మీద వేలు నొక్కాడు. హాల్లో చప్పుడు లేదు. కొంచెం పెంచాడు. లేదు. ఇంకొంచెం పెంచాడు. హాల్లో గిన్నె కిందపడ్డ చప్పుడు మాత్రం వినిపించింది.

ఇక్కడ మాస్టారు మరిచిపోయిన సంగతి ఒకటుంది. కిందటి వారం భార్య వాళ్ల అమ్మకు కొత్త చెవి మిషన్లు కొంది. అవి మామూలువి కావు, బ్లూటూత్‌వి. వాటి శబ్దం హెచ్చించాలన్నా తగ్గించాలన్నా మంచి ఫోను ఉండాలి. అత్తగారిది నొక్కుడు ఫోను. అందుకని మాస్టారే అల్లుడి హోదాలో వాటిని తన ట్యాబ్‌కు కలిపి సరిచేసి పెట్టాడు. ఆ మేలు ట్యాబ్ మరిచిపోలేదు. పొద్దున్నే అత్తగారు మిషన్లు చెవిలో పెట్టుకోగానే వాటితో చేయి కలిపేసింది. తర్వాత వెలిగించిన స్పీకరును పలకరించనైనా లేదు.

హాల్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న అత్తగారు, గిన్నె వదిలేసి రెండు చెవులూ మూసుకుని కూర్చుంది. ఎవరో మగవాడు బుర్ర లోపలినుంచి జోల పాడినట్టు అనిపించింది. ఆ మాట కూతురితో చెప్పడానికి సిగ్గేసి ఊరుకుంది.

మాస్టారు గదిలో జుట్టు పీక్కుంటున్నాడు. జోలపాట మెత్తగా ఉండబట్టి స్పీకరు అందుకోవడం లేదేమో, గట్టి శబ్దంతో చూద్దామనుకున్నాడు. దయ్యాల సీరియల్‌కు చేసిన ఉరుము ఒకటి ఉంది. అది వదిలాడు.

"అమ్మాయ్, ఉరుముతోంది. మేడ మీద బట్టలు తియ్యవే" అంది అత్తగారు.

భార్య కిటికీలోంచి చూసింది. ఎండ ఫెళ్లున కాస్తోంది.

"ఉరుమేమిటమ్మా?"

"ఇంట్లో పిడుగు పడ్డంత మోత వస్తుంటే ఉరుమేమిటంటావేమిటే?"

మాస్టారు ఉరుము లాభం లేదని, దాని వెనకే ఉన్న ఆడమనిషి కేక వదిలాడు. అత్తగారు కుర్చీలోంచి ఎగిరి నిలబడింది. "ఎవర్నో గొంతు పిసుకుతున్నారే, పోలీసుల్ని పిలు" అని కూతురి చేయి పట్టుకుంది. నిన్నటిదాకా నిక్షేపంలా ఉన్న మనిషి. భార్య గబగబా గది తలుపు తోసి, "ఏవండీ, అమ్మకు ఏదో అయింది. లేని శబ్దాలు వినిపిస్తున్నాయట" అంది.

"నాకు ఉన్న శబ్దాలు వినిపించడం లేదు" అన్నాడు మాస్టారు తలెత్తకుండా.

ఆవిడ ఆయన వంక ఒక చూపు చూసి, తలుపు దగ్గరికి వేసి, వీధి చివర క్లినిక్‌కు ఫోను చేసింది. డాక్టరుగారిని ఇప్పుడే పంపిస్తామన్నారు.

కాసేపటికి కాలింగ్ బెల్ మోగింది. గుమ్మంలో ఇస్త్రీ చెదరని తెల్లచొక్కాతో, చేతిలో నల్లసంచీతో ఒక పెద్దమనిషి నిలబడ్డాడు. ఆయన నోరు తెరిచేలోపే భార్య, "రండి, మీకోసమే చూస్తున్నాం. ముందు మా అమ్మను చూడండి" అంది. ఆయన ఒక్క క్షణం తటపటాయించి, "తప్పకుండానమ్మా" అని అత్తగారి ఎదురుగా కూర్చున్నాడు. గదిలో మాస్టారు, డాక్టరు వచ్చాడనుకుని, ఇంక అత్తగారి సంగతి ఆయనే చూసుకుంటాడని ధైర్యం తెచ్చుకున్నాడు. సెట్టింగుల్లో వెతుకులాట మొదలుపెట్టాడు.

"రాత్రిళ్లు నిద్ర పడుతోందా అమ్మా?" అంటున్నాడు హాల్లో పెద్దమనిషి.

"ఏదో, పడుతుంది నాయనా."

"లేచేసరికి నడుము పట్టేసినట్టు ఉంటుందా? ఏ పక్కకు తిరిగి పడుకుంటారు?"

ఎంత శ్రద్ధగల డాక్టరు అనుకున్నాడు మాస్టారు. భార్యకూ అలాగే అనిపించింది.

"ఈవిడకు గట్టిది పనికిరాదమ్మా. మెత్తటిదే ఇవ్వాలి. ఆరంగుళాలు చాలు."

"ఆరంగుళాలా?" అంది భార్య. సూది గురించి అనుకుని ఆవిడ మొహం పాలిపోయింది.

గదిలో మాస్టారు శబ్దం ఈసారి నిండా పెంచి, పాటను ఆగకుండా మళ్లీ మళ్లీ తిరిగేలా పెట్టాడు. అత్తగారు చెయ్యెత్తి ఇద్దర్నీ ఆగమంది. "మళ్లీ మొదలెట్టాడు. ఎవడో జలుబు చేసిన గొంతువాడు. చెప్పిన ధర సగమే, చెప్పనిది సగమే అంటున్నాడు."

గదిలో మాస్టారు చటుక్కున తలెత్తాడు. ఆ మాటలు తనవి. జలుబు గొంతూ తనదే. స్పీకరు ఎందుకు పలకడం లేదో, అత్తగారు ఎందుకు పలుకుతోందో ఒక్కసారిగా అర్థమైంది. పాట ఆపాలని వేలు ముందుకు చాచాడు.

"తీగకు వేరేనట, డబ్బాకు వేరేనట" అంది అత్తగారు. అని, కూతురి వంక అనుమానంగా చూసింది. "ఒసేయ్, ఈ మిషన్లే మాట్లాడుతున్నాయే. వాటి ధర అవే చెప్పుకుంటున్నాయి. నిజం చెప్పు, వీటిని ఎంతకు కొన్నావు?"

భార్య వెక్కివెక్కి ఏడవడం వినిపించింది.

"నిజమేనమ్మా. అసలు ధర చెబితే నువ్వు చచ్చినా పెట్టుకోవని సగమే చెప్పాను. ఆయనకూ సగమే చెప్పాను. ఛార్జింగు డబ్బా కూడా వేరేగానే కొన్నాను."

మాస్టారి వేలు గాల్లోనే నిలిచిపోయింది. తను విన్నది నిజమేనా అని ఒకసారి తల విదిలించుకున్నాడు. పైసాకు పైసా లెక్క అడిగే మనిషి. ఇన్నాళ్లు ఆ అటక వైపు చూడాలంటేనే తను భయపడి చచ్చాడు. పట్టరాని సంతోషమూ, అంతకు మించి పెద్దరికమూ ఆయన్ను ఆవరించాయి. పాట సంగతి మరిచిపోయి, తలుపు తీసుకుని హాల్లోకి నడిచాడు.

"ఏడవకు. నేనేమీ అనను" అన్నాడు భార్య భుజం మీద చెయ్యివేసి. "కానీ ఒక్క మాట. భార్యాభర్తల మధ్య దాపరికం పనికిరాదు. ఇవాళ డబ్బు దాస్తాం, రేపు ఇంకోటి దాస్తాం. నన్ను చూడు. ట్యాబ్ కొన్ననాడే నీకు ధర చెప్పానా లేదా?"

భార్య తల వంచుకుని, చెప్పారన్నట్టు ఊపింది. పెళ్లయ్యాక ఆవిడ ఆయన ముందు తల వంచడం అదే మొదలు. డాక్టరు ఎదుట ఇంత హుందాగా నిలబడగలిగినందుకు మాస్టారికి తన మీద తనకే గౌరవం కలిగింది.

"ఇంతకీ అసలు ధర ఎంతే?" అంది అత్తగారు.

కూతురు ఆవిడ దగ్గరికి వంగి చెప్పింది. అత్తగారు కళ్లు తేలేసింది. "అంత సొమ్ము చెవుల్లో పెట్టుకుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నానా? వద్దమ్మా. ఇన్నాళ్లూ విన్నది చాలు నాకు." అంటూనే రెండు మిషన్లూ ఊడదీసి, వాటి ఛార్జింగు డబ్బాలో పెట్టి, టక్కున మూత వేసేసింది.

మూత పడగానే మిషన్లు ఆగిపోయాయి. చేతిలో చెయ్యి జారిపోయిన ట్యాబ్, దగ్గర్లో ఇంకెవరున్నారా అని వెతుక్కుంది. హాల్లో స్పీకరు కనబడింది.

ఇల్లంతా దద్దరిల్లేలా మాస్టారి గొంతు వినిపించింది. చెప్పిన ధర సగమే అంది. చెప్పనిది సగమే అంది. తీగకు వేరే, డబ్బాకు వేరే అని సాగదీసింది. ఇంటిదానికి తెలిసిననాడు తనకు నిద్ర ఉండదని జోలపాడింది. మాస్టారు గదిలోకి పరుగెత్తి ఆపేసరికి పాట ఒక చుట్టు పూర్తయింది. తిరిగి వచ్చేసరికి భార్య కళ్లలో తడి లేదు.

"తీగేమిటి?" అంది.

"ట్యాబ్‌దే."

"డబ్బా?"

"ఒక కన్నాన్ని నాలుగు చేస్తుంది" అన్నాడు మాస్టారు. ఇంక ఎటూ దిక్కుతోచక పెద్దమనిషి వైపు తిరిగి, "డాక్టరుగారూ, అత్తయ్యగారి ఆరోగ్యం ఎలా ఉందంటారు?" అన్నాడు.

"డాక్టరెవరండీ? నాది పరుపుల కంపెనీ. పదకొండుకు రమ్మన్నది మీరే కదా" అన్నాడాయన. నల్లసంచీ తెరిచాడు. అందులో రొట్టె ముక్కల్లా కోసిన పరుపుల నమూనాలు ఉన్నాయి.

భార్య మెల్లగా కుర్చీలో కూలబడింది. మాస్టారికి గోడౌన్, మేకులు, తక్కెడ అన్నీ వరసగా కళ్లముందు తిరిగాయి.

"ఆ పాట మాటలు ఎవరు రాశారు?" అన్నాడు యజమాని.

"ఎవరూ రాయలేదండీ. ట్యూను కోసం నోటికొచ్చినవి. అసలు మాటలు వస్తాయి, ఇవి తీసేస్తాను."

"తీస్తే నాకు పాట వద్దు" అన్నాడాయన. "మా దుకాణంలో మంచి పరుపు కొన్న ప్రతివాడూ బిల్లు సగానికి రాసివ్వమని అడుగుతాడు, ఇంట్లో చూపించడానికి. హాయిగా పడుకుందామని కొంటారు, ఆ బిల్లు బయటపడుతుందని నిద్ర లేకుండా దొర్లుతారు. వాళ్ల పాటండీ ఇది. ఇంట్లో నిజం ధర చెప్పుకోగలిగిన పరుపు మాదని చివర్లో ఒక్క ముక్క కలపండి. గొంతు కూడా ఇదే ఉంచండి, జలుబుతో సహా. మీకెంత ఇమ్మంటారు?"

మాస్టారు నమ్మలేకపోయాడు. వంచకూడదనుకున్న చోట తల వంచేసి, నోటికొచ్చిన అంకె ఒకటి చెప్పాడు. పరుపుల యజమాని సంతోషంగా చేయి చాచాడు.

"ఆగండి," అంది భార్య కుర్చీలోంచి, "ఆయన చెప్పేది ఎప్పుడూ సగమేనండీ."