కోళ్ల గంప కింద స్వామి

ఆ శనివారం పొద్దున బెన్హరు పెట్టుకున్న పని ఒక్కటే. దొడ్లో కాసిన గుమ్మడికాయను తొడిమ విరగకుండా కోసి, కడిగి, తుడిచి, కాస్త కొబ్బరినూనె రాసి, మర్నాడు కోతల పండుగకు చర్చికి పట్టుకెళ్లాలి. ఇందులో తేడా రావడానికి ఏముందని మీరడగవచ్చు. బెన్హరూ అలాగే అనుకున్నాడు, పాపం.

బెన్హరు కొత్తవలస రైల్వే క్వార్టర్లలో పుట్టి, కువైట్‌లో ఒక కంపెనీ గోదాములో ఉద్యోగం చేసి తల నెరిపించుకున్న మనిషి. అక్కడ కూరగాయలు అట్టపెట్టెల్లో వచ్చేవి, వాటి మీద సంతకం పెట్టడమే ఆయనకు తెలిసిన వ్యవసాయం. ఉద్యోగం చాలించి, భార్య మెర్సీ పుట్టిన ఊరు కదా అని శ్రీకూర్మం చివర ఒక పెంకుటిల్లూ దొడ్డీ కొనుక్కున్నాక గానీ వంకాయ తొడిమకు ముళ్లుంటాయని తెలియలేదు. మొదటి ఏడాది ఎంతో శ్రద్ధగా నీళ్లు పోసి పెంచిన తోటకూర పిచ్చిమొక్క అని తేలింది. జామకాయలు ఉడతలు తిన్నాయి. మునగచెట్టును కోతులు విరిచాయి. ఒక జెర్రిపోతు బావి దగ్గరకు వచ్చిన రోజున ఆయన పెరటి గోడెక్కి కూర్చుని, మెర్సీ కర్రతో దాన్ని సాగనంపేదాకా దిగలేదు.

ఇవన్నీ ఆయన దిగమింగుకున్నాడు. మింగలేనిది నిరుటి కోతల పండుగ. ఆ పండుగనాడు చర్చిలో ఎవరి తొలిపంట వారు తెచ్చి పెడితే, ఆరాధన అయ్యాక వేలం పాడతారు. కోడి, మేక, కొబ్బరికాయలు, బియ్యం, అన్నీ పాటకు వస్తాయి. నిరుడు బెన్హరు వంకాయల బుట్ట వంతు వచ్చినప్పుడు ముమ్మారు కేకేసినా ఒక్క గొంతూ లేవలేదు. చివరకు మెర్సీయే చెయ్యెత్తి, తన దొడ్లో వంకాయలు తానే కొనుక్కుని ఇంటికి తెచ్చింది. దారిలో పల్లెత్తు మాట అనలేదు. మధ్యాహ్నం గుత్తివంకాయ వండి వడ్డించింది. బెన్హరు ఆ పూట పెరుగన్నంతో సరిపెట్టుకున్నాడు. ఈసారి తన పంటను సొంత పెళ్లాం కాక మరెవరైనా, ఎవరైనా సరే, కొనాలి. ఆయన కోరుకున్నది అంతే.

గుమ్మడికాయ నిజంగానే బాగుంది. బుగ్గలు పొంగి, గంధం రంగు తిరిగి, పీటంత వెడల్పుగా కూర్చుంది. బెన్హరు కత్తి పట్టుకుని వెళ్లేసరికి దాని పక్కన నల్లటి డిప్ప ఒకటి కదులుతోంది. డిప్ప మీద పసుపుపచ్చని చుక్కలు. చుక్కల తాబేలు. గుమ్మడికాయ పొట్టకు అప్పటికే పిడికిలి పట్టేంత కన్నం పడింది. తాబేలు మెడ సాచి, ఏ తొందరా లేకుండా, నములుతోంది.

బెన్హరుకు ఏడుపొచ్చినంత పనయింది. తాబేలును రెండు చేతులా ఎత్తి, పాత కోళ్ల గంప కింద పెట్టి, గంప మీద ఇటుక పెట్టాడు. తరవాత ఏం చెయ్యాలో తెలియక పక్కదొడ్డి జగన్నాధాన్ని పిలిచాడు. జగన్నాధం వరి పండించే రైతు, పార భుజాన వేసుకుని పొలానికి బయలుదేరుతున్నాడు. ఆయన కంచె మీంచి తొంగి చూసి చేతులు జోడించాడు. శ్రీకూర్మం గుళ్లో దేవుడిది తాబేలు రూపమే మరి.

"అదురుష్టం బావా, సామొచ్చినాడు. తాబేలనకు, సామనాలి. నీళ్లు కట్టీసి వస్తాను, వొచ్చేక సాగనంపుదాం," అన్నాడు.

వెళుతూ వెళుతూ తన వంటింటి కిటికీ దగ్గర ఆగి, బెన్హరు దొడ్లోకి స్వామి వచ్చాడనీ, గుమ్మడికాయ తిన్నాడనీ, తానొచ్చేదాకా ఉంచమన్నాననీ భార్య లక్ష్మీనరసమ్మకు చెప్పి పోయాడు. మరే వారమైనా అయితే ఆవిడకూ తాబేలే తట్టేది. కానీ ఆ వారమంతా పాదయాత్ర మీద వస్తున్న ఒక స్వామీజీ గురించి ఊళ్లో ఒకటే మాట. ఇవాళో రేపో ఈ దారినే వస్తారని ఆవిడ నాలుగు రోజులుగా వాకిలి కడిగి ముగ్గేస్తోంది. అంత నిష్ఠగా ఎదురుచూస్తుంటే ఆయన పోయి పోయి క్రైస్తవుల ఇంట దిగాడే, పచ్చి గుమ్మడికాయ తిన్నాడంటే ఎంత ఆకలి మీద ఉన్నాడో అని ఆవిడ ప్రాణం విలవిల్లాడింది. అరటిపళ్లూ కొబ్బరికాయా పళ్లెంలో సర్దుకుని, చుట్టుపక్కల ఆడవాళ్లను కేకేసుకుని బయలుదేరింది.

సందు మలుపులో ఏసమ్మ ఇల్లు. ఏసమ్మ చర్చి పెద్ద. కోతల పండుగ వేలం పాడించేదీ ఆవిడే. పళ్లేలతో అంతమంది ఎక్కడికని అడిగితే, బెన్హరు ఇంటికి స్వామి వచ్చారన్నారు. పండుగకు ముందురోజు తమ సంఘస్థుడి ఇంట్లో స్వామి ఏమిటో కళ్లతోనే చూద్దామని ఏసమ్మ కళ్లద్దాలు తగిలించుకుని వాళ్ల వెనకే నడిచింది.

దొడ్డి నిండా జనం చేరేసరికి బెన్హరు ఏమీ ఆశ్చర్యపోలేదు. తాబేలును స్వామి అనాలని ఇందాకే నేర్చుకున్నాడు కదా, చూడ్డానికి వచ్చారనుకున్నాడు.

"సామి ఎక్కడున్నారు బావూ?" అని లక్ష్మీనరసమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"గంప కింద ఉన్నాడక్కా."

"ఏ గంప?"

"కోళ్ల గంప. ఎలిపోకుండా మీద ఇటిక ఎట్టినాను."

ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. 

"కాళ్లైనా కడిగినారా?"

"కాళ్లు బైటికి తియ్యడం నేదక్కా. ముట్టుకుంటే తల కూడా లోపలికి లాక్కుంటన్నాడు."

ఏసమ్మ ముందుకు వచ్చింది. కోపంగా కాదు, చాలా నెమ్మదిగా అంది. "బెన్హరూ, ఆయన ఏ మతమైనా కానీ. మనిసిని గంప కింద ఎట్టడం తప్పు నాయనా."

"మనిసేటి పెద్దమ్మా?" అని బెన్హరు ఇటుక తీసి, గంప ఎత్తాడు.

అందరూ వంగి చూశారు. ముందు మెర్సీ నవ్వింది, తరవాత అందరూ నవ్వారు. లక్ష్మీనరసమ్మ మాత్రం కొంగుతో కళ్లు తుడుచుకుని, సామీజీ కాకపోతే సామే కదా, తెచ్చినవి వెనక్కి పట్టుకెళతామా అని పళ్లెం తాబేలు ముందు పెట్టింది. తాబేలు అరటిపళ్ల వంక ఒకసారి చూసి, వాటిని చుట్టి, తిన్నగా గుమ్మడికాయ దగ్గరకు నడిచింది.

బెన్హరు గబుక్కున వంగి కాయను పక్కకు లాగబోయాడు. నలుగురు ఆడవాళ్లు ఆపారు. స్వామి నోటి దగ్గర తిండి లాక్కుంటారా అన్నారు. ఆయన దిక్కుతోచక ఏసమ్మ వైపు చూశాడు. దేవుడికి ఇచ్చే తొలిఫలం మచ్చలేనిదై ఉండాలి, ఇది పాటకు పనికిరాదని ఆవిడ తేల్చేసింది. అలా ఇటు భక్తీ అటు భక్తీ కలిసి చూస్తుండగా, పిడికిలంత కన్నం చెంబు పట్టేంత అయింది. జగన్నాధం పొలం నుంచి వచ్చి సాగనంపే పని లేకుండా, తాబేలు కడుపు నిండాక తనంత తానే కంచె దూరి వెళ్లిపోయింది.

"పోనీలెండి, రేపు నేనే పాడతాను," అంది మెర్సీ. ఓదార్పుగానే అంది. బెన్హరుకు ఆ మాటతో ఉన్న ఆశ కూడా పోయింది.

సాయంత్రం పాస్టరు పరంజ్యోతి అయ్యగారు వచ్చి కాయను చూశారు. ఉన్నదాంట్లోంచే కదా ఇస్తాం, పట్టుకురండి అన్నారు. ఆ మాట మీదే బెన్హరు ఆదివారం నాడు దాన్ని చర్చికి మోసుకెళ్లి, కన్నం గోడవైపు తిప్పి పెట్టాడు. వేలం మొదలయ్యాక ఏసమ్మ దాన్ని ఎత్తి, దాచడమెందుకన్నట్టు కన్నం జనానికి చూపించింది. ఎవరూ పాట ఎత్తలేదు. మెర్సీ చెయ్యి లేవబోతోంది.

"నా పాట," అని వరండాలోంచి జగన్నాధం గొంతు వినిపించింది.

చర్చి అంతా వెనక్కి తిరిగింది. ఈలోగా పక్క కిటికీ బయటి నుంచి మరో గొంతు దానికి పైపాట పాడింది. అది లక్ష్మీనరసమ్మ. స్వామి ఎంగిలి చేసిన కాయ ఇంటికి తేవాలని మొగుడు ఒకపక్క, పెళ్లాం ఒకపక్క, ఒకరికొకరు చెప్పకుండా వచ్చారు. మధ్యలో గోడ. వరండాలో వాద్యాలు సర్దుతున్న చప్పుడు. కిటికీ పాటను ఏసమ్మ వరండాకు వినిపిస్తోంది, వరండా పాటను కిటికీకి వినిపిస్తోంది. ఎవరో పరాయివాళ్లు తన్నుకుపోతున్నారనుకుని ఇద్దరూ తగ్గడం లేదు.

బెన్హరుకు కూర్చున్న చోటి నుంచి ఇద్దరూ కనిపిస్తున్నారు. పొరుగువాడి కొంప తన గుమ్మడికాయ మూలంగా మునుగుతోందని చెప్పబోయి నోరు తెరిచాడు. మెర్సీ ఆయన కాలు తొక్కింది. ఏసమ్మకూ కనిపిస్తూనే ఉండాలి, కానీ ఆవిడ పాటల పుస్తకంలోకి చూస్తూ "ఇంకెవరైనా?" అంటోంది. మేకను దాటింది ధర. రెండు మేకలను దాటింది. చివరకు జగన్నాధం ఊపిరి వదిలి ఊరుకున్నాడు, కాయ కిటికీకి దక్కింది.

గెలిచిన మనిషి ఎవరో చూద్దామని వరండా చుట్టి వచ్చిన జగన్నాధానికి పెళ్లాం ఎదురైంది, చంకలో గుమ్మడికాయతో. ఆయన కాయ వంకా పెళ్లాం వంకా చూశాడు.

"మనింటికేనా?" అన్నాడు చివరకు.

"మరెక్కడికి," అంది లక్ష్మీనరసమ్మ.

బెన్హరు నిజంగా నొచ్చుకున్నాడు, కానీ నిజంగా సంతోషించాడు కూడా. ఇంటికి వెళ్లేటప్పుడు దారి పొడుగునా మెర్సీతో ఆ వేలం గురించే మాట్లాడాడు.

మరుసటి ఏడు కోతల పండుగకు వచ్చిన గుమ్మడికాయల్లో కొరకనిది ఒక్కటీ లేదు, అన్నిటి మీదా వరసగా పళ్ల గాట్లు. తాబేలుకు పళ్లుండవన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.