రెండు మాటల బోర్డు

మహబూబాబాద్‌లో, అదే మన మానుకోటలో, పుస్తకాలు రాయడం నేర్పే మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆయనే అక్తర్ సార్. యాకయ్య టైలర్ దుకాణం పైన ఆయన గది, కింద మెట్ల పక్కన ఒక నల్లబోర్డు. రైల్వే గార్డు వచ్చినా, దవాఖాన నర్సు వచ్చినా ఆయన సలహా ఒక్కటే: "మాట తగ్గించు. నువ్వు తీసేసిన మాటే నీకు పేరు తెస్తది." సలహా బంగారమే. కాని "సార్, మరి మీ పుస్తకమేది?" అని శిష్యులు అడిగినప్పుడల్లా, పాపం, ఇరవై ఏళ్లుగా ఆయన ముఖం చిన్నబోతూనే ఉంది.

ఇన్నాళ్లకు ఆ బాధ తీరబోతోంది. 'తక్కువ మాటల రహస్యం' పూర్తయింది, నాలుగు వందల పన్నెండు పేజీలు! జనగామలో ప్రెస్సు నడిపే శ్యాం ఒకటే షరతు పెట్టాడు. "రేపు పన్నెండు లోపట నా చేతిల పెట్టాలె సార్. దాటితే పెళ్లికార్డుల మీద పడ్త, మల్ల వచ్చే యేడే."

పొద్దున తొమ్మిదింటి రైలుకు పోదామనుకుని, ముందురోజు సాయంత్రం సార్ బోర్డు మీద 'రేపు నేను జనగామ వెళ్తున్నందున పుస్తక రచన క్లాసు బంద్' అని రాశాడు. వెనక్కి జరిగి చూసుకున్నాడు. ఛీ, ఎన్ని మాటలు! తాను ఎటు పోతే ఎవరిక్కావాలి? తుడిచాడు. 'రేపు క్లాసు బంద్.' క్లాసు బోర్డు క్లాసు గురించి కాక ఇంక దేని గురించి చెబుతుంది? అదీ తుడిచాడు. 'రేపు బంద్.' ఆహా! ఇంటికెళ్లి భార్య గుల్షన్ బేగంకు కూడా చెప్పుకుని మురిసిపోయాడు.

అది రెండువేల పదకొండు. తెలంగాణ కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్ల మీదికొస్తున్న కాలం.

మర్నాడు సార్ పుస్తకమున్న సంచి చంకన పెట్టుకుని బయల్దేరితే దారి పొడవునా దుకాణాలు మూసి ఉన్నాయి. స్టేషన్లో పట్టాల నిండా జనం, జెండాలు, "జై తెలంగాణ" కేకలు. సార్ ఏ బంద్‌కూ వెనక్కి తగ్గినవాడు కాదు. అయినా ఈ ఒక్క రోజే దొరికిందా! నిన్నటి పేపర్లో ముక్క కూడా లేదే, మరి పిలుపు ఎవరిచ్చారు? కోపం కన్నా కుతూహలం ఎక్కువైంది. రైలు ఎలాగూ రాదు, ఆ మహానుభావుడెవరో కనుక్కుందామని ముందు వరుసలో ఉన్న పోరాట కమిటీ రాంజీ పక్కన చతికిలబడ్డాడు.

"రాంజీ, గీ బంద్ ఎవలిచ్చిండ్రు?"

"పైనోళ్లే సార్. కేబుల్ టీవీల చూసిన. నాకు చెప్పకుంట ఇచ్చిండ్రని పానం చివుక్కుమన్నది. కమిటీ నాయకునికే తెల్వదంటే ఇజ్జత్ పోదా? నేనే మైకుల చెప్పిచ్చిన. జనగామకు, భూపాలపల్లికి గూడ ఫోన్ కొట్టిన. ఆడ గూడ బందే!"

జనగామ కూడానా! సార్ ఇటు తిరిగాడు. కేబుల్ నడిపే పర్వేజ్ ఆ పక్కనే పల్లీలు నములుతున్నాడు.

"పర్వేజ్, మరి నీకెవలు చెప్పిండ్రు?"

"యాకయ్యన్న సార్. రేపు బంద్, నీ ప్యాంటు ఇయ్యాల్నే తీస్కపో అని ఫోన్ చేసిండు."

యాకయ్య రెండు వరుసల వెనకాల జెండా పట్టుకుని ఉన్నాడు.

"యాకయ్యా, నీకు?"

యాకయ్య సార్‌ను ఎగాదిగా చూశాడు. "గదేంది సార్, మీరే గద బోర్డు మీద రాసిండ్రు! సార్ ఒక్క మాట రాస్తే పదిసార్లు ఆలోచించి రాస్తడని నమ్మిన."

యా అల్లా! చేజేతులా చేసుకున్న పనికి ఎవరిని తిడతాడు? "రాంజీ, గా బంద్ మా క్లాసుకే!" అంటూ సార్ లేవబోయాడు. రాంజీకి అర్థం కావడానికి అరనిమిషం పట్టింది. అర్థమయ్యాక సార్ చెయ్యి పట్టి కిందికి గుంజాడు.

"మీకు దండం పెడ్త సార్. ఇంతమంది ముంగట గా మాటంటే నన్ను బతకనియ్యరు. జర నోరు బంద్ చేయుండ్రి."

పన్నెండు దాటింది. సార్ శ్యాంకు ఫోన్ చేసి, సిగ్గు విడిచి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "ఇరవై ఏండ్ల కష్టం శ్యాం. ఒక్క రోజు ఆగు" అని బతిమాలాడు. అవతల చాలాసేపు నవ్వే వినిపించింది.

"మా ప్రెస్సు గూడ బందే సార్, మిషన్ తిప్పేటోడే రాలే. రేపటిదాక ఆగుత. గని ఒక్క ముచ్చట. మీరు రెండు మాటలు రాస్తే మూడూర్లు బందయినయి. మీకు నాలుగు వందల పేజీలెందుకు? నలభై తేండ్రి, రేపే కొడ్త."

నలభై! సార్‌కు ఒళ్లు మండింది. కాని ఆ సలహా ఎవరిదో ఆయనకు తెలియనిదా? నినాదాల మధ్యనే సంచి విప్పి ఎర్రపెన్ను తీశాడు. సాయంత్రం జనం లేచేసరికి ముప్పై తొమ్మిది పేజీలు మిగిలాయి. చదివి చూసుకుంటే, నిజంగానే బాగున్నాయి. ఆయనకు అందుకే ఎక్కువ బాధేసింది.

ఇంటికి పోతూ బోర్డు దగ్గర ఆగాడు. ఈసారి పొరపాటుకు తావివ్వదలచుకోలేదు. రేపు తాను జనగామ పోతున్నట్టు, అందువల్ల క్లాసు మాత్రమే ఉండదన్నట్టు, దుకాణాలు, బస్సులు, బడులు మామూలుగా నడుస్తున్నట్టు వివరంగా పదకొండు వరుసలు రాశాడు.

అంత పొడుగు ఎవరూ చదవలేదు. మర్నాడు శిష్యులందరూ క్లాసుకు వచ్చి మెట్ల మీద కూర్చున్నారు.