మునెయ్య నోటికి ప్రారంభోత్సవం

బంగారుపాళ్యం మండల ప్రజలకు తెలియజేయడమేమనగా, మన మండలంలో నోటి క్యాన్సర్ లేదు. గత మామిడి సీజన్‌లో ఒక గుజ్జు ఫ్యాక్టరీ ఆవరణలో మండల దంతారోగ్య చైతన్య సమాఖ్య జరిపిన ఉచిత శిబిరంలో రెండు వందల నలభై ముగ్గురి నోళ్లు క్షుణ్ణంగా పరీక్షించగా, అనుమానించదగ్గ మచ్చ ఒక్కటీ కనిపించలేదని సమాఖ్య అధ్యక్షులు జయరావు గారు పత్రికలకు వెల్లడించారు. పరీక్ష మొత్తం నాలుగు నిమిషాల్లో ముగిసింది. శ్రీహరికోటలో రాకెట్ ఎగరేయడానికి కూడా ఇంతకంటే ఎక్కువసేపు లెక్కపెడతారు.

ఆ నాలుగు నిమిషాలూ సమాఖ్య సభ్యుడిగా నేను అక్కడే ఉన్నాను.

శిబిరం పది గంటలకన్నారు. ముఖ్య అతిథి ఒంటిగంటకు వచ్చారు. నోరు చూపించుకుందామని వచ్చిన కూలీలు మూడు గంటలపాటు నోరు మెదపకుండా కూర్చుని సహకరించారు. చిత్తూరు నుంచి వచ్చిన పళ్ల డాక్టరు మహిత గారు అద్దాలూ గ్లౌజులూ టార్చీ తెచ్చుకున్నారు గానీ, ఆమెకని వేసిన బల్ల మీద శాలువాలూ మెమెంటోలూ ఉండడం వల్ల అవి ఫోటో తీసేదాకా సంచిలోనే ఉండిపోయాయి. మధ్యలో ఆమెకు రెండు నిమిషాలు మైకు ఇచ్చారు.

"నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు. పొగాకు నమిలేవాళ్లు ఆరునెలలకోసారైనా పళ్ల డాక్టరుకు నోరు చూపించుకోవాలి. తెల్లమచ్చ గానీ, రెండు వారాలైనా మానని పుండు గానీ ఉంటే..."

ఉంటే ఏం చేయాలో చెప్పేలోపు ముఖ్య అతిథి కారు గేటు దాటి లోపలికి వచ్చింది. బాణసంచా పేలింది. మైకు జయరావు గారి చేతికి వెళ్లింది.

"క్యాన్సర్‌కి నేను హెచ్చరిక చేస్తా ఉండాను! మదరాసు నుంచి బెంగళూరుకి పోతే పోనీ. హైవే అందురిదీ. బంగారుపాళ్యంలో మాత్రం దిగే పని పెట్టుకోవద్దు!"

చప్పట్లు మోగాయి. క్యాన్సర్ ఏ బస్సులో వెళ్లిపోయిందో తెలియదు.

శిబిరాన్ని ప్రారంభించాలంటే రిబ్బను కాదు, ఒక నోరు కావాలి. ముందు వరసలో కూర్చున్న మునెయ్యను లేపారు. మునెయ్య ఆ ఫ్యాక్టరీలోనే లారీల నుంచి మామిడికాయల క్రేట్లు దించే మనిషి. ఇరవై ఏళ్లుగా ఎడమ బుగ్గలో పొగాకు పెట్టుకుని బరువులు మోస్తున్నాడు. మూడు నెలలుగా సంగటిలోకి ఊరిబిండి పచ్చడి నంజుకుంటే నోరు భగ్గుమంటోంది. భార్య ఆనందమ్మ పోరు పడలేక, పొద్దున్నే అందరికంటే ముందొచ్చి కూర్చున్నాడు.

ముఖ్య అతిథి టార్చి పట్టుకున్నారు. డాక్టరు గారు అద్దం పట్టుకున్నారు. జయరావు గారు మునెయ్య గడ్డం పట్టుకున్నారు.

"అమ్మా, ఈ ఎడం పక్క కొంచెం..." అన్నాడు మునెయ్య.

"మాట్లాడొద్దప్పా, నోరు తెరిసిపెట్టు. డాక్టరమ్మా, మీరు ఈ పక్క సూడండి," అన్నాడు ఫోటోగ్రాఫరు.

ముగ్గురూ కెమెరా వైపు చూశారు. మధ్యలో మునెయ్య నోరు తెరుచుకుని ఉంది. "అసలు పరీక్ష సభ అయ్యాక చేస్తాను," అన్నారు డాక్టరు గారు. సభ అయ్యేసరికి రెండో షిఫ్టు సైరన్ మోగింది. షామియానా వాళ్లు కుర్చీలు మడిచారు. ఫ్యాక్టరీ హాజరు పట్టీలోని పేర్లన్నీ పరీక్షించిన నోళ్లుగా నమోదయ్యాయి. అడుగున డాక్టరు గారు సంతకం చేశారు. బస్సు వేళ అయిందట.

ఇక ఫ్లెక్సీ సంగతి. ఫ్లెక్సీ లేని సేవ మన వైపు చెల్లదు. హైవే పక్కన కట్టే పది అడుగుల ఫ్లెక్సీ తయారుచేసేది కోమలి అనే అమ్మాయి. ఎవరి బొమ్మ ఎవరికంటే అంగుళం పెద్దగా ఉండాలో తెలిసిన మనిషి. ఆమె ఆ శిబిరం ఫోటోను కంప్యూటర్లో పెద్దది చేసి, జయరావు గారికి ఫోన్ చేసింది. అప్పుడు నేనూ ఆయన పక్కనే కాఫీ తాగుతున్నాను, ఫోన్ స్పీకర్లో ఉంది.

"అన్నా, ఆయప్ప ఎడం బుగ్గలో తెల్లగా ఏందో మచ్చ ఉండాదన్నా. మధ్యలో ఎర్రగా పుండు మాదిరి. ఏం చేయమంటారు?"

"తీసెయ్‌మ్మా. సూసేదానికి అసయ్యంగా ఉంటాది."

"ఆయప్పకి ఒక మాట చెప్పాల్నేమో అన్నా."

"డాక్టరమ్మ సూసింది కదమ్మా! నువ్వు నా పేరు కొంచెం పెద్దక్షరాల్లో ఎయ్."

ఆ విధంగా మన మండల చరిత్రలో తొలిసారిగా, నోటి మచ్చను గుర్తించిన ఘనత ఫ్లెక్సీ షాపుకు దక్కింది. చికిత్స కూడా అక్కడే జరిగింది. కత్తి లేదు, నెత్తురు లేదు, అర నిమిషం పని.

ఫ్లెక్సీలో తన నోరు చూసుకుని మునెయ్య పొంగిపోయాడు. లోపలంతా లేత గులాబీ రంగు. చిత్తూరుకు పోయి మళ్లీ చూపించుకుందాం పదమని ఆనందమ్మ ఎంత మొత్తుకున్నా వినలేదు.

"యాడ ఉండాదే మచ్చ? అంత పెద్దగా ఏసినారు కదా, నువ్వే సూడు," అన్నాడు.

నాలుగు నెలలకు రెండు వేళ్లు పట్టేంత కూడా నోరు తెరుచుకోలేదు. తిరుపతి పెద్దాసుపత్రిలో డాక్టర్లు ఎడమ దవడ తీసేశారు. మొదట్లోనే వచ్చి ఉంటే చిన్న ముక్క తీసి ఇంటికి పంపేవాళ్లమన్నారు. ఇంత ఆలస్యం ఎందుకు చేశారని అడిగితే, ఆనందమ్మ సెల్‌ఫోనులో ఫ్లెక్సీ బొమ్మ చూపించిందట.

సమాఖ్య ఊరుకుంటుందా? మునెయ్యకు సన్మానం పెట్టింది. ముఖానికి కట్టిన తువ్వాలు తీయించి శాలువా కప్పారు. "మునెయ్య మాట్లాడలేకపోయినా, ఆయప్ప మొగమే ఈ పొద్దు మనకి ఉపన్యాసం!" అన్నారు జయరావు గారు. అప్పుడు ఆనందమ్మ లేచి మైకు అడిగింది. ఇవ్వలేదు. ఆమె గొంతుకు మైకు అక్కర్లేకపోయింది.

"అన్నా, ఆ పొద్దు మా ఆయన నోట్లో మచ్చ ఉండిందా, లేదా? అది ఒక్కటి చెప్పండి."

"సాంకేతిక విషయాలు తర్వాత మాట్లాడుకుందామమ్మా," అని జయరావు గారు వందన సమర్పణకు పిలిచారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ సభలో ఆయన కాక సమాధానం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అయినా లేవలేదు. వందన సమర్పణ అయ్యాక అందరితోపాటు చప్పట్లు కొట్టి, భోజనానికి వెళ్లాను.

ఇదంతా చదువుతున్నంతసేపూ మీ నాలుక మీ బుగ్గల లోపల తడుముకుంటూనే ఉందని నాకు తెలుసు. ఏదైనా గరుగ్గా తగిలిందా? తగిలినా రేపు ఆసుపత్రికి వెళ్లరు. నేనూ వెళ్లలేదు. నాది కుడి బుగ్గ, రెండు నెలలైంది.