ఎనిమిది ఇళ్ళ నీళ్ళు

ఆ పొద్దున ఆకాశం విరిగిన పాలలా ఉంది. మంచు కురిసే రకం కాదు, ఎండ కాసే రకమూ కాదు. ఆర్డిస్ థోర్వాల్డ్‌సన్ లైబ్రరీ తలుపు తీస్తూ ఒకసారి తలెత్తి చూసి, ఇంకేం చూడదలచుకోనట్టు లోపలికి వెళ్ళింది.

కెనడాలో, సస్కాచువాన్ గోధుమ పొలాల నడుమ నలభై గడపల ఊరు డన్‌వెల్. దాని లైబ్రరీ ఒక్క గది. పన్నెండింటికి జిల్లా ఆఫీసు నుంచి మిసెస్ పెల్టియే అనే అధికారిణి వస్తోంది. చదువరుల బృందంలో ఆరుగురైనా కూర్చుని పుస్తకం గురించి మాట్లాడుతూ కనబడకపోతే ఆ గది మూసేస్తారు. పందొమ్మిదేళ్ళుగా ఆర్డిస్‌కు ఆ గదే పని, ఆ గదే లోకం. పోయిన నెల ఇద్దరొచ్చారు. అందులో ఒకరు హీటరు కోసం.

ఈ నెల పుస్తకం కుర్రకారు కోసం రాసిన నవల. రాబోయే కాలంలో భూమి ఎండిపోతుంది. మిగిలిన ఒక్క బావి నీళ్ళు ఎవరికివ్వాలో ఊరి పెద్దలు పట్టీ రాస్తారు. పదహారేళ్ళ పిల్ల ఆ పట్టీ చింపేస్తుంది.

ఎనిమిదింటికి ఆర్డిస్ వెండెల్ కుజిక్‌కు ఫోన్ చేసింది. అతను బృందంలో ఉన్నాడు గానీ ఏ పుస్తకంలోనూ అట్ట దాటి వెళ్ళలేదు.

"వెండెల్, మనవాళ్ళకు చెప్పు. పన్నెండింటికి లైబ్రరీకి రావాలి. బావి నీళ్ళు ఎనిమిది ఇళ్ళకే చాలుతాయి, ఎవరిని తీసెయ్యాలో ఆలోచించుకుని రమ్మను. తలో వంటకం తెమ్మను."

"సరే," అన్నాడు వెండెల్.

ఊరికి తుఫాను పట్టీ ఒకటుంది, తుఫానొస్తే ఒకరి తరువాత ఒకరు ఫోన్ చేసుకోవడానికి రాసుకున్న పేర్ల వరస. మొదటి పేరు వెండెల్‌దే. దానికో పద్ధతి. ఎవరు చెప్పారో, ఏం చెప్పారో కింద పేరువాళ్ళకు చేరవెయ్యాలి. ప్రశ్నలు అడగకూడదు. చివరి పేరువాళ్ళు మాట అందిందని, దాన్ని మొదలుపెట్టినవాళ్ళకు ఫోన్ చెయ్యాలి. వెండెల్‌కు మనవాళ్ళంటే ఆ పట్టీయే.

పదింటికి ఆర్డిస్ ఫోన్ మోగింది. పట్టీలో చివరి పేరు, లోర్నా ఫ్రీసన్.

"మాట అందిందమ్మా. ఒక్కటి చెప్పు తల్లీ, మేం ఉన్నామా, పోయామా?"

"ఎందులో లోర్నా?"

"నీళ్ళ పట్టీలో. మా ఆయన స్నానాల తొట్టి నింపేశాడు. ఇప్పుడు ఆవుల తొట్టి దగ్గరున్నాడు."

ఆర్డిస్ ఫోన్‌లోకి అరిచింది. "అది పుస్తకంలో మాట! నవల!"

"అవునమ్మా, మొదట్లో అట్లాగే అంటారు," అని లోర్నా పెట్టేసింది.

ఆర్డిస్ వెండెల్‌కు చేసింది, అతని కింద పేరుకు చేసింది, ఆ కింద పేరుకు చేసింది. ఎవరూ ఎత్తలేదు. అందరి చేతుల్లోనూ నీళ్ళ గొట్టాలే. దాదాపు ఊరంతా ఒక్కసారి నీళ్ళు పట్టుకునేసరికి ఊరి ట్యాంకు ఖాళీ అయింది. పదకొండింటికి కుళాయిలు గురకపెట్టి ఆగిపోయాయి. అంతవరకు నమ్మని నలుగురూ అప్పుడు నమ్మారు.

మిసెస్ పెల్టియే పది నిమిషాలు ముందే వచ్చి మూల కుర్చీలో కూర్చుంది. "నేను లేననుకోండి," అని నోటుపుస్తకం తెరిచింది.

తరువాత ఊరొచ్చింది. మొహాలు గంటు పెట్టుకుని, చేతుల్లో పొగలు కక్కే గిన్నెలతో వచ్చింది. తగాదాకైనా ఉత్తచేతులతో వెళ్ళే ఊరు కాదది.

నిజం చెబుదామని ఆర్డిస్ లేచింది. చెబితే అందరూ ఇళ్ళకు పోతారు. మూలన పెన్ను కదులుతోంది. "మొదలుపెట్టండి," అని కూర్చుంది.

"ఫ్రీసన్లను తీసెయ్యండి," అన్నాడు వెండెల్. ఫోన్ కానప్పుడు అతనికి మాటలొచ్చు. "వారానికి మూడుసార్లు లారీ కడుగుతారు. ఆదివారం ప్రార్థనకు పోయేది వీళ్ళా, లారీయా?"

"నీకు నీళ్ళిచ్చి దండగరా వెండెల్," లోర్నా గిన్నె బల్ల మీద కొట్టినట్టు పెట్టింది. "నీ ఒంటి మీద చుక్క పడి ఎన్నాళ్ళయిందో మీ ఆవిడనడుగు!"

"నన్నెందుకు లాగుతావ్?" అంది వెండెల్ భార్య. లేదనలేదు.

ఎవరి గొడ్లు ఎవరి గడ్డి తిన్నాయో, ఎవరి పెళ్ళికి ఎవరు రాలేదో అన్నీ బయటికొచ్చాయి. ఆ గదిలో సగం మందికి అక్షరాలు నేర్పిన మిస్ ఆగ్నెస్ డైక్ మెల్లగా చెయ్యెత్తింది.

"నాకు తొంభై నిండాయి. నన్ను తీసెయ్యండి."

ఒకరిద్దరు సరేనన్నట్టు తలూపారు. ఆవిడ అందరి వంకా ఒక చుట్టు చూసింది.

"వద్దంటారనుకున్నా," అంది.

మిసెస్ పెల్టియే కళ్ళు తుడుచుకుంటూ లేచింది. "ఇరవై రెండేళ్ళలో ఒక నవలను ఇంతగా ఒంటబట్టించుకున్న ఊరు చూళ్ళేదు. ఈ గదికి ఢోకా లేదు. ఆ పెద్దావిడ ఘట్టం పుస్తకంలో లేదు గానీ, ఉండాల్సింది." సంతకం పెట్టి, కారెక్కి వెళ్ళిపోయింది.

"ఏ పుస్తకం?" అన్నాడు వెండెల్.

ఆర్డిస్ పుస్తకం ఎత్తి చూపించి, కథ మూడు వాక్యాల్లో చెప్పి, బావి మాట అందులోదేనంది. వెండెల్ ఆ పుస్తకం తీసుకుని, మొదటిసారి అట్ట తిప్పాడు. తల మాత్రం ఎత్తలేదు.

వంటకాలు చల్లారిపోతున్నాయి. ఎవరో పళ్ళేలు పరిచారు. మిస్ డైక్‌కు మొదట వడ్డించారు, ఎక్కువే వడ్డించారు. అందరూ తలలు వంచుకుని తిన్నారు.

ఉప్పు ఇటివ్వమని ఎవరూ ఎవరినీ అడగలేదు. కావలసినవాళ్ళు లేచి వెళ్ళి తెచ్చుకున్నారు.