లీలాండ్ వ్యానుకి తలుపేదీ?

మంగళవారం పొద్దున రస్సెల్ టెష్ పెట్టుకున్న పని ఒక్కటే. చనిపోయిన తన అన్న లీలాండ్ నడిపిన 1974 నాటి వ్యాను పాత ఫోటోని వ్యాన్ల సంఘం వాళ్ళ ఆన్‌లైన్ గ్రూపులో పెట్టాలి. ఆ వ్యానుని అతను గ్యారేజీలో ఆరేళ్ళుగా బాగుచేస్తున్నాడు. శనివారం ఒహాయోలో జరిగే మేళాలో అది 'ఉన్నది ఉన్నట్టు' అనే వరసలో నిలబడాలి. ఆ వరసలోకి రావాలంటే వ్యాను తన పాత ఫోటోకి అచ్చు గుద్దినట్టు ఉండాలని సంఘం నియమం. వదిన నడీన్ కూడా వస్తానంది. భర్త పోయాక ఆవిడ ఎక్కడికైనా వస్తాననడం అదే మొదటిసారి.

ఉన్న ఫోటో ఒక్కటే. అట్ట చట్రంలో బిగించిన చిన్న ఫిల్ము ముక్క, చట్రం మీద 'ఆగస్టు 1976' అని రాసి ఉంది. రస్సెల్ భార్య జోలీన్ దాన్ని వంటింటి కిటికీ అద్దానికి ఆనించి ఫోనుతో ఫోటో తీసింది. కాఫీ చల్లారేలోపు గ్రూపులో పెట్టేశారు. వ్యాను పక్క భాగమంతా చంద్రుణ్ణి చూసి ఊళ వేస్తున్న తోడేలు బొమ్మ. ముందు కిటికీలోంచి చెయ్యి వేలాడేసి నవ్వుతున్న లీలాండ్. ఆ తోడేలుని రస్సెల్ ఎప్పుడూ చూడలేదు. అతను చూసేనాటికే దాని మీద గోధుమరంగు పడింది.

మధ్యాహ్నానికి సంఘం అధ్యక్షుడు హెర్షెల్ ఫోన్ చేశాడు.

"ఒరే రస్సెల్, నీ దగ్గరున్నదేమిటో నీకు తెలుసా? ఫోటోలో బండి మూతి కుడివైపుకుంది. అంటే మనకి కనపడేది కుడి పక్క. కుడి పక్కన పెద్ద తలుపుండాలి కదా, ఏదీ?"

"నా బండికి ఉందిగా! ఇప్పుడే తీసి మూశాను."

"అది తర్వాత ఎవడో కోసి పెట్టింది. తలుపు లేకుండా ఫ్యాక్టరీలో కొన్ని చేసి ఉంటారని నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నా, విన్నారా ఎవరైనా?"

"ఆ తలుపులోంచే మా అన్న సోఫా ఎక్కించాడయ్యా. ఒక కొస నేనే పట్టుకున్నాను."

"నువ్వు మర్చిపోవచ్చు నాయనా. ఫోటో మర్చిపోదు."

వ్యాన్ల వాళ్ళతో వచ్చిన చిక్కే ఇది. కన్నతల్లి చెప్పినా నమ్మరు, పాత ఫోటో చెబితే మారు మాట్లాడకుండా వింటారు. రస్సెల్ కూడా వాళ్ళలో ఒకడే. బుధవారం ఆ తలుపుని వెల్డింగ్ పెట్టించి మూయించేశాడు. అతుకు కనపడకుండా నున్నగా సాన పట్టించాడు. గురువారం దాని మీద తోడేలుని వేయించాడు. గ్రూపులో ఆ ఫోటోలు చూసి ఇండియానాలో ఇంకో ఇద్దరు తమ తలుపులు కూడా మూయించుకున్నారు.

గురువారం సాయంత్రం కెంటకీ నుంచి డార్లా అనే ఆవిడ గ్రూపులో అమాయకంగా ఒక ప్రశ్న వేసింది. "స్టీరింగు ఉండేది ఎడమ పక్క కదా, ఆయన కూర్చున్నది కుడి పక్క. మరి బండి నడుపుతున్నదెవరు?"

ఆ ప్రశ్న చదివి శుక్రవారం పొద్దున్నే నడీన్ వచ్చింది. జోలీన్ పెట్టిన కేకు ముట్టుకోలేదు.

"ఆయన ఆ స్టీరింగు మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు రస్సెల్. కట్టుకున్నదాన్ని, నన్నే వెయ్యనివ్వలేదు. బతికినన్నాళ్ళూ పక్క సీట్లో కూర్చోబెట్టాడు. ఎవతెకిచ్చాడో చెప్పు!"

"అయ్యో, అదేం లేదు వదినా."

"ఏం లేదా? పెళ్ళి ఉంగరం చూడు, కుడి చేతికి మార్చాడు. దాని కంటపడకూడదనేగా?"

"ఉక్కపోతకి వేళ్ళు వాచాయేమో."

"ఒక్క చేతికే వాచాయా?"

నడీన్ కళ్ళు తుడుచుకుంది. "ఇన్నేళ్ళూ ఆ మనిషిని తలుచుకుంటూ బతికాను. ఇప్పుడు ఏ మనిషిని తలుచుకోను? రేపు నేను రాను. ఆ బండి అమ్మి పారెయ్." అని లేచి, పోతూ పోతూ గ్యారేజీలోకి తొంగిచూసి ఆగిపోయింది.

"తలుపేదీ?"

"ఫోటోలో లేదు వదినా."

"నా పిల్లల్ని ఎక్కించింది ఆ తలుపులోంచే! కొత్త బండి కొన్ననాడే ఉంది. తలుపు మింగేసిన ఫోటో నా మొగుడి మీద సాక్ష్యం చెబుతుందా? అసలు ముక్క ఇలా తే."

ఫిల్ము ముక్కని వెలుగుకెత్తి పట్టుకుంది. అటు చూసింది. మెల్లగా తిప్పి ఇటు చూసింది. బండి మూతి ఎడమవైపుకి తిరిగింది. కనపడేది ఎడమ పక్క అయింది, అక్కడ తలుపుండే పనే లేదు. ఉంగరం ఎడమ చేతికి వచ్చింది. లీలాండ్ స్టీరింగు ముందుకొచ్చి కూర్చున్నాడు.

"నా చేతులు విరగ! తిరగేసి పెట్టి తీశానన్నమాట," అంటూ జోలీన్ కుర్చీలో కూలబడింది.

"ఎవతెకీ ఇవ్వలేదే జోలీన్! ఆ మహానుభావుడు ఎవతెకీ ఇవ్వలేదు!" నడీన్ నవ్వుతూ ఏడ్చింది. రస్సెల్ గ్యారేజీ గడప మీద కూర్చుని తోడేలుకేసి చూస్తూ ఉండిపోయాడు.

శనివారం హెర్షెల్ టోపీ తీసి, సంతాప సభలో నిలబడ్డట్టు నిలబడి, తోడేలు తప్పు పక్కన ఉంది కనుక ఈ వ్యాను ఫోటోతో సరిపోవడం లేదని తీర్పు చెప్పాడు. రస్సెల్‌నీ ఇండియానా వాళ్ళిద్దరినీ మైదానం చివర, మరుగుదొడ్ల పక్కన నిలబెట్టారు. నడీన్‌కి అదేమీ పట్టలేదు. స్టీరింగు ముందు కూర్చుని, సరిచేసిన ఫోటోని వచ్చిన ప్రతివాళ్ళకీ చూపించింది. కెంటకీ డార్లా కూడా వచ్చి చూసింది.

"ఆయనే నడుపుతున్నాడన్నమాట! పోన్లెండి, చల్లటి మాట. మరి ఈ ఫోటో తీసిందెవరు?"

నడీన్ చేతిలో నిమ్మరసం గ్లాసు సగంలో ఆగింది.

"నేనే," అన్నాడు రస్సెల్. "రోడ్డు పక్కన నిలబడి నేనే తీశాను వదినా."

నడీన్ అతనికేసి చాలాసేపు చూసింది. "బాగా తీశావు మరిదీ," అని గ్లాసు ఖాళీ చేసింది.

1976 ఏడాదంతా రస్సెల్ జర్మనీలో సైన్యంలో ఉన్నాడు. అక్కడికి వారం వారం ఉత్తరాలు రాసింది నడీనే.